రసీదు పుస్తకం, హిజ్రీ తేదీ: రెండు డెత్ క్లెయిముల విచారణలో నా అనుభవం

ఇన్సూరెన్స్ చేయించుకున్న మనిషి ఒక దేశంలో పోయి, డబ్బు ఇవ్వాల్సిన కంపెనీ ఇంకో దేశంలో ఉంటే, ఆ మరణం నిజమా కాదా తేల్చే పని నాలాంటి వాళ్ళ దగ్గరికి వస్తుంది. హైదరాబాద్‌లో ఉండి చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. అమెరికా కంపెనీల కోసం ఇక్కడ జరిగిన మరణాలు చూస్తాను. ఇక్కడి కంపెనీల కోసం గల్ఫ్‌లో పోయినవాళ్ళ ఫైళ్ళు చూస్తాను. ఎటువైపు నుంచి వచ్చినా పని ఒకటే: కాగితంలో రాసింది నిజంగా జరిగిందా లేదా కనుక్కోవడం.

మేం క్లెయిమ్ ఎగ్గొట్టడానికే తిరుగుతామని జనంలో ఒక అభిప్రాయం ఉంది. ఊళ్ళో అడుగుపెట్టి పలానా ఇల్లు ఎక్కడని అడగ్గానే ఆ సంగతి ఎదుటివాళ్ళ మొహంలో కనిపిస్తుంది. వాళ్ళని తప్పుపట్టలేను. కానీ నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ నిజమైన మరణాలే. దొంగ క్లెయిమ్‌ని పట్టుకోవడం ఎంత అవసరమో, నిజమైన క్లెయిమ్‌ని అనుమానంలోంచి బయటపడేయడమూ అంతే అవసరం. నాకు రెండోదే ఎక్కువ ముఖ్యం. ఒక్కోదానికి ఒక్కో కేసు చెబుతాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదటిది గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న మున్సిపల్ టౌన్‌కి సంబంధించింది. న్యూజెర్సీలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగాయన, నలభై దాటిన వయసు. డిసెంబర్‌లో సొంతూరు వచ్చి, ఇంట్లోనే గుండెపోటుతో పోయారని, ఆ సాయంత్రమే దహనం చేశామని భార్య అక్కడ క్లెయిమ్ పెట్టారు. పాలసీ పది లక్షల డాలర్లది. తీసుకుని ఇంకా రెండేళ్ళు నిండలేదు. అమెరికాలో మామూలుగా మొదటి రెండేళ్ళు పాలసీని ప్రశ్నించే గడువు. ఆ లోపల మరణం జరిగితే కంపెనీ ఫైలు మొత్తం మొదటి నుంచీ తిరగేస్తుంది.

మన దగ్గర ఆ గడువు మూడేళ్ళు. 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలో సెక్షన్ 45 ఉంది. 2015 సవరణ తర్వాత, మూడేళ్ళు దాటిన పాలసీని మోసం పేరు చెప్పి కూడా ప్రశ్నించడానికి వీల్లేదు. దీన్ని చూసుకుని మూడేళ్ళు ఓపిక పడితే ఇక ఎవరూ ఏమీ అడగరని అనుకునేవాళ్ళు ఉన్నారు. అలా కాదు. పాలసీ చెల్లుతుందా లేదా అన్నది వేరు, మనిషి పోయాడా లేదా అన్నది వేరు. సెక్షన్ 45 మొదటిదాని గురించే చెబుతుంది. రెండోది ఎప్పుడైనా అడగొచ్చు, అడుగుతారు.

ఫైలులో ఉన్నవి ఇవి: మున్సిపాలిటీ ఇచ్చిన డెత్ సర్టిఫికెట్, దాని వెనక బయటి దేశంలో వాడే కాగితాలకి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే స్టిక్కర్, ఒక డాక్టర్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఉత్తరం, శ్మశానం రసీదు జిరాక్స్, బావమరిది ఇచ్చిన అఫిడవిట్. అమెరికాలో ఈ ఫైలు చూస్తున్న ఆవిడ తన అనుమానాలు మెయిల్‌లో రాశారు. మనిషి పోయిన కొన్ని గంటల్లోనే దహనం ఎందుకు చేశారు? పోస్టుమార్టం ఎందుకు లేదు? చిన్నప్పటి ఫొటో వెనక రాసిన పుట్టినతేదీకి, పాస్‌పోర్టులో ఉన్నదానికి ఏడాది తేడా ఎందుకుంది? అపోస్టిల్ ఉంది కాబట్టి సర్టిఫికెట్ విషయంలో మాత్రం తనకు దిగుల్లేదని చివర్లో రాశారు.

నాకు ఇది అచ్చం తలకిందులుగా కనిపించింది. ఆవిడ అనుమానించినవన్నీ మనకు మామూలు విషయాలు. పొద్దున పోతే పొద్దు వాలేలోపు కార్యక్రమం అయిపోవాలనుకుంటారు, దగ్గరివాళ్ళు దూరం నుంచి రావాల్సి ఉంటే తప్ప ఆపరు. ఇంట్లో గుండెపోటుతో పోతే, ఎవరికీ అనుమానం లేకపోతే, పోస్టుమార్టం ఊసే రాదు. పుట్టినతేదీ సంగతి సరేసరి. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు రాసుకున్న తేదీయే పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కణ్ణుంచి పాస్‌పోర్టులోకి ఎక్కినవాళ్ళు మన తరంలో ఎంతమందో. ఇవేవీ మోసానికి గుర్తులు కావని మొదటి జవాబులోనే వివరంగా రాశాను.

ఆవిడకు ధైర్యం ఇచ్చిన అపోస్టిల్ మాత్రం నాకు ఏ ధైర్యమూ ఇవ్వలేదు. హేగ్ ఒప్పందంలో చేరాక 2005 నుంచి మన దేశంలో అపోస్టిల్ వేస్తున్నారు. ఆ స్టిక్కర్ చెప్పేది ఒక్కటే: ఈ సంతకం, ఈ సీలు ఫలానా అధికారివే అని. లోపల రాసింది నిజమో కాదో దానికి సంబంధం లేదు. అమెరికా పౌరులు బయటి దేశంలో పోతే వాళ్ళ కాన్సులేట్ ఇచ్చే మరణ నివేదిక కూడా అంతే, స్థానిక డెత్ సర్టిఫికెట్ ఆధారంగానే తయారవుతుంది. ఈ ఫైలులో అది లేదు. పాస్‌పోర్టు పోయింది కాబట్టి కాన్సులేట్‌కి వెళ్ళలేదని బావమరిది అఫిడవిట్‌లో రాశాడు. నేను ఎరుపు సిరాతో గీత గీసుకున్న మొదటి వాక్యం అదే. మనిషి పోతే ఇంట్లోవాళ్ళు ఆయన వస్తువులన్నీ పదిలంగా దాస్తారు. పాస్‌పోర్టు ఒక్కటే కనబడకుండా పోవడం మామూలుగా జరగదు.

విచారణకి వెళ్తే నేను ముందు ఇంటికి వెళ్ళను. కుటుంబం చివర. ముందు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. సర్టిఫికెట్ దొంగది కాదు. రిజిస్టర్‌లో నమోదు ఉంది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అదే పేరు, అదే తేదీ వస్తున్నాయి. చట్ట ప్రకారం 21 రోజుల్లోపు చెప్పాలి, ఆలోపే చెప్పారు. ఇంట్లో జరిగిన మరణం కాబట్టి ఇంటివాళ్ళు ఇచ్చిన సమాచారం, డాక్టర్ కాగితం, శ్మశానం రసీదు చూసి నమోదు చేశారు. అంటే ఆ సర్టిఫికెట్‌కి ఆధారం డాక్టర్ ఉత్తరం, రసీదు. ఆ రెండూ నిలబడకపోతే సర్టిఫికెట్ నిలబడదు.

డాక్టర్ తన సంతకమేనని ఒప్పుకున్నారు. పిలిస్తే వెళ్ళి నాడి చూశానన్నారు. మనిషి మీకు ముందు తెలుసా అంటే తెలియదన్నారు. పేరు ఎలా రాశారంటే ఇంట్లోవాళ్ళు చెప్పారన్నారు. అంతకుమించి ఒక్క మాట రాలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు, అక్కడ దొరికేది అంతవరకే.

శ్మశానం ఊరి చివర కాలువ గట్టు పక్కన. చిన్న గది, లోపల ఇనప బీరువా, టేబుల్ మీద పొడుగాటి రిజిస్టరు. కంపెనీ ఇచ్చిన అధికార పత్రం, క్లెయిమ్ పెట్టినావిడ సంతకం చేసిన అనుమతి పత్రం చూపిస్తే చూడనిచ్చారు. ప్రతి పేజీలో వరస నంబరు, తేదీ, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, తీసుకొచ్చినవాళ్ళ పేరు, సంతకం. డిసెంబర్ పేజీలో మనవాడి పేరు ఉంది. కానీ అది గీతల మధ్య లేదు. ఆఖరి గీతకి, కాగితం అంచుకి మధ్యనున్న ఖాళీలో, చిన్న అక్షరాలతో ఇరికించి రాశారు. పైనున్న పేర్లన్నీ నీలం సిరాలో ఉంటే ఇది నల్ల సిరాలో ఉంది. వరస నంబరు పక్కన ‘ఏ’ అని చేర్చారు. ఆ రిజిస్టరు మొత్తంలో ‘ఏ’ ఉన్న నంబరు ఇంకోటి లేదు.

ఒక్కోసారి హడావుడిలో మర్చిపోయి తర్వాత రాసి ఉండొచ్చు. అందుకని రసీదు పుస్తకం అడిగాను. రిజిస్టర్‌లో చోటు చేసి రాయొచ్చు కానీ రసీదు పుస్తకంలో కుదరదు. నంబర్లు అచ్చులోనే వేసి ఉంటాయి, కింద కార్బన్ కాపీ పుస్తకంలోనే ఉండిపోతుంది. మా ఫైలులో ఉన్న జిరాక్స్ రసీదు నంబరు చూసుకుంటూ కాగితాలు తిప్పాను. ఆ నంబరు కార్బన్ కాపీ మీద ఉన్నది డెబ్భై ఏళ్ళు పైబడిన ఒక ముసలామె పేరు. తేదీ కూడా వేరు. జిరాక్స్‌లో పేరు, వయసు ఉన్నచోట అక్షరాల చుట్టూ కాగితం కొంచెం తెల్లగా ఉందని అప్పుడు కనిపించింది. పాత రసీదు మీద తెల్ల ఫ్లూయిడ్ పూసి, పైన కొత్త పేరు రాసి, జిరాక్స్ తీశారు. అసలు రసీదు ఎప్పుడూ బయటికి రాకపోవడానికి కారణం అదే.

అక్కడివాళ్ళు ఫొటో తీయనిచ్చారు. అది చాలదని తెలుసు కాబట్టి రిజిస్టరు పేజీకి, ఆ రసీదు కాపీకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 2005 చట్టం, పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అమెరికా కోర్టుకి వెళ్ళినా నిలబడేది మున్సిపాలిటీ సీలు వేసి ఇచ్చిన నకలే కానీ నా ఫోన్‌లో ఫొటో కాదు.

ఇక మనుషులు. ఒక మనిషి పోతే ఎంతమందికి పని పడుతుందో ఆలోచించండి. పాడె కట్టినవాళ్ళు, కట్టెలు తోలినవాళ్ళు, డప్పు కొట్టినవాళ్ళు, చాకలి, మంగలి, కర్మ చేయించిన పంతులుగారు, పెద్దకార్యానికి వంట చేసినవాళ్ళు, షామియానా వేసినవాళ్ళు, కార్డులు అచ్చువేసిన ప్రెస్సు. గోదావరి వైపు అయితే వీధి మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా ఉంటుంది. డాక్టర్ ఒక్కడితో అబద్ధం చెప్పించవచ్చు, ఇంతమంది చేత చెప్పించడం అయ్యే పని కాదు. అమెరికా నుంచి మన మరణాల్ని చూసేవాళ్ళకి ఈ సంగతి తెలియదు. వాళ్ళు హాస్పిటల్ రికార్డులు అడుగుతారు. నేను పెద్దకార్యం భోజనాలు ఎవరు వండారని అడుగుతాను.

పంతులుగారికి ఆ ఇల్లు తెలుసు, అక్కడ ఏ కర్మా చేయించలేదు. వేరే ఊరినుంచి ఎవరినైనా పిలిపించుకున్నారేమో చెప్పలేనన్నారు. ఆ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయనకి అలాంటి కబురే తెలియదు. వీధి చివర కిరాణా కొట్టు నడిపే పెద్దావిడతో మాట కలిపాను. ఫలానా వాళ్ళ అబ్బాయి అమెరికా నుంచి వస్తుంటారా అమ్మా అని అడిగాను.

“ఆయ్, వస్తారండి. మొన్న సంక్రాంతికి కూడా వచ్చారు కదండీ. భోగి రోజు పొద్దున్నే మంట దగ్గర నిలబడ్డారు. చిక్కిపోయారేంటి బాబూ అని కూడా అన్నానండి.”

సర్టిఫికెట్‌లో తేదీ డిసెంబర్. ఆవిడ చెప్పింది ఆ తర్వాత వచ్చిన సంక్రాంతి. ఏ సంక్రాంతి అని ఇంకోసారి అడిగాను, మనవరాలి పెళ్ళి కుదిరిన సంక్రాంతి అని ఖచ్చితంగా చెప్పింది. ఈ మాట రాసి సంతకం చేస్తారా అమ్మా అంటే మాత్రం భయపడిపోయింది. “మాకెందుకండీ, పక్కపక్కన బతకాల్సినవాళ్ళం” అంది. ఆ భయం నాకు అర్థమైంది, ఇంకోసారి అడగలేదు. ఆవిడ పేరు నా రిపోర్టులో కూడా లేదు. వీధిలో కొందరు ఆయన్ని పండక్కి చూశామన్నారని మాత్రం రాశాను.

ఇక్కడ ప్రైవేటు విచారణకి ఒక హద్దు ఉంది, ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. ఒకరి ఫోన్ కాల్ రికార్డులు మేం తెప్పించుకోకూడదు, అది నేరం. ఇమిగ్రేషన్ రికార్డులు మాకు ఇవ్వరు. బ్యాంకు ఖాతా వివరాలు అడిగే హక్కు లేదు. ఇవన్నీ పోలీసులకే సాధ్యం. ఎవరికో డబ్బిచ్చి కాల్ లిస్టు తెప్పిస్తామని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. అలా వచ్చిన సాక్ష్యం నిలబడకపోగా తెచ్చినవాడు జైలుకి వెళ్తాడు. నేను పోలీసుల దాకా వెళ్ళే ఆధారం తయారుచేసి ఇస్తాను, అంతే.

బావమరిదిని చివరికి కలిశాను. మర్యాదగా మాట్లాడాడు, కాఫీ ఇప్పించాడు. అస్థికలు ఎక్కడ కలిపారని అడిగితే రాజమండ్రి అన్నాడు. ఎవరు వెళ్ళారంటే తానొక్కడినే అన్నాడు. ఆయన ఫొటోకి దండ వేసింది ఉంటే చూపించమన్నాను. ఫొటో ఇంకా చేయించలేదన్నాడు. అసలు రసీదు అడిగాను. వెతికి పంపిస్తానన్నాడు. పంపలేదు.

రిపోర్టు, సర్టిఫైడ్ నకళ్ళు కలిపి పంపాను. అమెరికా కంపెనీ ఆ భార్యకి ప్రశ్నలు రాసి, ప్రమాణ పూర్వకంగా జవాబులివ్వమంది. కొన్నాళ్ళకి ఆమె లాయరు నుంచి ఒక చిన్న ఉత్తరం వచ్చింది: క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నామని. కారణం రాయలేదు. కంపెనీ ఫైలు మూసేసింది. ఇక్కడ పోలీసు కేసు పెట్టమని నేను గట్టిగా రాశాను. డబ్బు పోలేదు కదా, ఇంకో దేశంలో కేసు నడిపే ఖర్చు ఎందుకని వాళ్ళు ఊరుకున్నారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సరిహద్దు దాటిన మోసంలో ఎక్కువ భాగం ఇలాగే ముగుస్తుంది. దొరికితే వెనక్కి తీసుకుంటారు, దొరక్కపోతే డబ్బు తీసుకుంటారు.

దీన్ని కాగితాల మోసంగా వదిలేయకూడదని నేను ఇంత పట్టుగా అనడానికి కారణం ఉంది. 2021లో మహారాష్ట్రలో బయటపడిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాదాపు ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉండి వచ్చిన ఒక వ్యక్తి, అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా రాజూర్ అనే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పాము కాటుతో చనిపోయాడని ఆ ఏడాది ఏప్రిల్‌లో కాగితాలు పుట్టాయి. అమెరికాలో పాలసీ ఐదు మిలియన్ డాలర్లు, మన లెక్కలో సుమారు 37 కోట్లు. అంతకుముందు 2017లో భార్య చనిపోయిందని అబద్ధపు క్లెయిమ్ పెట్టిన చరిత్ర ఉండటంతో కంపెనీ అనుమానించి ఇక్కడ విచారణ చేయించింది. పోలీసులు ఊళ్ళో అడిగితే పక్కింటివాళ్ళకి పాము కాటు సంగతే తెలియదు, ఇంటి ముందు అంబులెన్స్ ఆగడం మాత్రం చూశారు. ఆరా తీస్తే చనిపోయాడన్న మనిషి బతికే ఉన్నాడు, గుజరాత్‌లో దొరికాడు. మరి ఆసుపత్రికి వచ్చిన శవం ఎవరిది? మతిస్థిమితం లేని ఒక పేదవాడిది. నాగుపాముతో కాటు వేయించి చంపారన్నది పోలీసుల అభియోగం.

2023 జనవరిలో మన మెదక్ జిల్లాలో కాలిపోయిన కారులో దొరికిన శవం సంగతి కూడా అలాంటిదే. కారు యజమాని, సచివాలయ ఉద్యోగి, ప్రాణాలతో దొరికాడు. ఏడు కోట్లకు పైగా ఇన్సూరెన్స్ కోసం ఇంకో మనిషిని చంపారని పోలీసులు తేల్చారు. శవం కావాల్సిన మోసంలో శవం ఎక్కడినుంచో రావాలి. ఎవరూ వెతకని మనిషిని చూసి ఎంచుకుంటారు. గోదావరి కేసులో శవం లేకుండా కాగితాలతో సరిపెట్టారు, అది మన అదృష్టం. అందుకే శవం ఉన్న ఫైలు వచ్చినప్పుడు, పోయినవాడు పాలసీదారు కాకపోతే మరి ఎవరన్న ప్రశ్న కూడా రిపోర్టులో ఉండాలని నేను పట్టుబడతాను.

రెండో కేసు జగిత్యాల జిల్లాది. ఇది నా మనసుకి దగ్గరిది.

సౌదీలో కంపెనీ డ్రైవర్‌గా చేసే మనిషి, 2024 జూలైలో అక్కడే గదిలో గుండెపోటుతో పోయాడు. ఇక్కడ ఒక కంపెనీలో ఇరవై లక్షల టర్మ్ పాలసీ ఉంది, వెళ్ళకముందు తీసుకున్నది. ప్రీమియం ఏడాదికోసారి, జూన్ 14న కట్టాలి. ఆ ఏడు జీతం ఆలస్యమై కట్టలేకపోయాడు. గడువు దాటినా 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపల మరణం జరిగితే, బాకీ ప్రీమియం పట్టుకుని మిగతా మొత్తం ఇస్తారు. అంటే జూలై 14 ఆఖరు. పోయింది 14న అయితే ఇరవై లక్షలు వస్తాయి. 15న అయితే పాలసీ ల్యాప్స్, ఏమీ రాదు.

ఎంబసీ ఇచ్చిన కాగితంలో జూలై 14 అని ఉంది. అరబీ డెత్ సర్టిఫికెట్‌కి ఇక్కడ చేయించిన అనువాదంలో జూలై 15 అని ఉంది. ఊళ్ళో ఎవరిని అడిగినా 15 అనే అన్నారు. పెద్దకర్మ కార్డులో కూడా అదే. దానికితోడు పాలసీలో పేరు ఒక్క ముక్కలో ఉంటే, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి మూడు ముక్కలు. ఫైలు నా చేతికి వచ్చేసరికే దాని మీద ఒక నోట్ ఉంది: తేదీ మార్చి ఉండొచ్చు, విచారించండి అని.

ఇంటికి వెళ్తే ఆమె నాకు కుర్చీ వేసి, తను గడప దగ్గర కూచుంది. మామగారు పక్కనే మంచం మీద ఉన్నారు.

“సార్, మాకు చెప్పింది పదిహేనో తారీఖే. అందుకే అందరికి గదే చెప్పినం. ఎంబసోళ్ళు పద్నాలుగు అని ఎందుకు రాసిన్రో మాకేం ఎర్క.”

ఆ మాటే నాకు ముందు దారి చూపించింది. తేదీ మార్చాలనుకున్న కుటుంబం, తమకు నష్టం చేసే తేదీని కార్డు మీద అచ్చు వేయించి ఊరంతా పంచదు. గ్రేస్ పీరియడ్ అనే మాటే ఆమెకు తెలియదు. “పెద్దయ్యా, కబురు మీకు ఎవరు చెప్పిండ్రు?” అని మామగారిని అడిగాను. ఆయన కాసేపు ఆగి, గదిలో ఉండే మనూరి పిల్లగాడు ముందు రోజే తన తమ్ముడికి ఫోన్ చేశాడని, కోడలికి ఎలా చెప్పాలో తెలియక ఆ రాత్రి ఆపారని చెప్పారు. ఆమె తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆమెకు ఆ సంగతి తెలియడం అప్పుడే.

ఇక అనువాదం. అరబీ కాగితంలో ఉన్నది హిజ్రీ తేదీ, అంటే నెలవంకను బట్టి నడిచే ఇస్లామిక్ క్యాలెండర్ తేదీ: 1446 ముహర్రం 8. రంజాన్ సౌదీలో మనకంటే సాధారణంగా ఒక రోజు ముందు మొదలవుతుందని గల్ఫ్‌కి మనిషిని పంపిన ప్రతి ఇంటికీ తెలుసు. ముహర్రం కూడా అంతే. సౌదీ ప్రభుత్వం వాడేది ఉమ్ అల్ ఖురా క్యాలెండర్. దాని ప్రకారం ఆ ముహర్రం జూలై 7న మొదలైంది. మన దగ్గర నెలవంకను బట్టి జూలై 8న మొదలైంది. ఆ నెల పదో రోజున ఇచ్చే ముహర్రం సెలవు మనకి జూలై 17న వచ్చింది ఆ లెక్కనే. ఎనిమిదో తేదీ అక్కడి లెక్కలో జూలై 14, ఇక్కడి లెక్కలో జూలై 15. అనువాదం చేసినాయన ఇక్కడి క్యాలెండర్ చూసి తేదీ మార్చాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. గోడ మీద ఉన్నదాన్ని చూశాడు.

నాకు తెలిస్తే చాలదు, కాగితం కావాలి. గల్ఫ్‌లో మనవాళ్ళ శవాల్ని ఇంటికి చేర్చడానికి సొంత పని మానుకుని తిరిగే తెలుగు సామాజిక కార్యకర్తలు ఉన్నారు. వాళ్ళ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంటివాళ్ళ అనుమతి పత్రం పంపిస్తే ఒకాయన ఆసుపత్రికి వెళ్ళి మరణ నివేదిక నకలు తీసుకున్నారు. అందులో హిజ్రీ తేదీ పక్కనే ఇంగ్లీషు తేదీ కూడా ఉంది: జూలై 14, పొద్దుటి పూట. శవపేటికతో వచ్చిన ఎయిర్‌వే బిల్లు, శవం చెడిపోకుండా మందు పట్టించారని ఇచ్చే ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ రద్దు చేసిన పాస్‌పోర్టు, శంషాబాద్ కార్గోలో ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసరు ముద్ర వేసిన కాగితం, అన్నీ ఆ ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ ఇవ్వలేదట. పాస్‌పోర్టు, ఆధార్, పాలసీ దరఖాస్తు మీద సంతకం, మూడూ పక్కపక్కన పెట్టి ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని రాశాను. హిజ్రీ లెక్క గురించి విడిగా ఒక పేజీ రాశాను, రెండు క్యాలెండర్ల పేజీలు జతచేసి. అరబీ కాగితానికి తేదీ సరిచేసిన కొత్త అనువాదం కూడా చేయించి పెట్టాను.

ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం విచారణ అవసరమైన డెత్ క్లెయిమ్‌ని కూడా కంపెనీ 45 రోజుల్లో తేల్చాలి. తేల్చారు. బాకీ ప్రీమియం పట్టుకుని మిగతాది ఆమె ఖాతాలో వేశారు. బయటి దేశాలకి పనికి వెళ్ళేవాళ్ళ కోసం ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షలు కూడా వస్తాయని ఎవరో ఆమెకు ఆశ పెట్టారు. అది ప్రమాద మరణానికే, గుండెపోటుకి రాదని నేనే చెప్పాల్సి వచ్చింది. గల్ఫ్ మృతుల కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షల ఎక్స్‌గ్రేషియా మాత్రం సహజ మరణానికీ వర్తిస్తుంది, దానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టమన్నాను.

కొన్నాళ్ళ తర్వాత ఆమె ఫోన్ చేసింది. కలెక్టరేట్‌కి ఏ అనువాదం పెట్టాలి, పాతదా కొత్తదా అని అడిగింది. జూలై 14 అని ఉన్న కొత్తదే పెట్టమని, దానితోపాటు ఆసుపత్రి నివేదిక నకలు కూడా జతచేయమని చెప్పాను.